రుద్రమదేవి వేసింది మగవేషమేనా?

2015 అక్టోబర్ 9. మొదటి రోజు, మొదటి ఆట. హాల్లో దీపాలు ఆరీ ఆరకముందే చిరంజీవి గొంతు వినిపించింది. అంతే! ముందు వరసల్లో లేచిన ఈలలకు ఆ తర్వాత ఆయన చెప్పిన నాలుగు మాటలూ నా చెవిన పడనేలేదు. గుణశేఖర్ తీసిన "రుద్రమదేవి" అది. ఏనుగులు, కోటలు, ఇళయరాజా సంగీతం, కత్తి పట్టిన అనుష్క... గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ వచ్చినప్పుడైతే చింపిన కాగితాలు వానలా కురిశాయి. దాచుకోవడం ఎందుకు, నేనూ ఈల వేశాను!

ఆ రాత్రే కూర్చుని ఒక వ్యాసం రాసేశాను. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, పత్రికలకు చిన్నా చితకా రాతలు పంపుకుంటున్న రోజులవి. "ఆడపిల్లనన్న రహస్యాన్ని ఏళ్ల తరబడి గుండెల్లో దాచుకుని, మగవేషంలో ఓరుగల్లు గద్దెనెక్కిన వీరనారి" అని మొదటి వాక్యం. అచ్చయింది. అమ్మ మురిసిపోయి దాన్ని కత్తిరించి ఫైల్లో పెట్టింది.

ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితం మా అన్నయ్య కూతురి కంటపడింది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల. కాలేజీలో వక్తృత్వపు పోటీ. బాబాయి రాసిందే కదా అని నమ్మి, బట్టీపట్టి, వేదిక మీద గడగడా చెప్పేసింది. న్యాయనిర్ణేతల్లో ఉన్న చరిత్ర లెక్చరర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారట: "రహస్యంగా దాచారని ఏ శాసనంలో ఉందమ్మా?"

పిల్ల నోట మాట లేదు. ఇంటికొచ్చి నాకు ఫోను చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఏ శాసనంలో ఉంది బాబాయ్?" అంది.

జవాబు నా దగ్గరుంటేగా! తెర మీద చూసినదాన్నే చరిత్ర అనుకుని రాసేశాను. ఆ పొరపాటు పూర్తిగా నాది. ఆ తర్వాత నేను చదివిందీ, కళ్లారా చూసిందీ ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. అసలు కథ సినిమా కథకు ఏమాత్రం తీసిపోదని చివరికి మీరే ఒప్పుకుంటారు.

రహస్యమా? ఎక్కడుంది?

కాకతి గణపతిదేవుడు 1199లో సింహాసనం ఎక్కి అరవై ఏళ్లకు పైగా పాలించిన మహారాజు. సముద్రవ్యాపారం చేసుకునే వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లి రేవులో శాసనం వేయించినవాడు. అంతటివాడి తర్వాత గద్దె ఎవరిది? ఆయన కూతురు రుద్రమను ఎన్నుకున్నాడు. 1260 ప్రాంతం నుంచి ఆమెను పాలనలో తన పక్కన నిలబెట్టాడు. "రుద్రదేవ మహారాజు" అని పురుషుడి పేరు ఇచ్చాడు. శాసనాల్లో ఆమెకు వాడిన బిరుదులూ మగరాజుల బిరుదులే.

సినిమాకు మూలం ఇక్కడే దొరికింది. మహారాజు అని పేరు పెట్టారంటే ఆడపిల్ల అని దాచారన్నమాట, దాచారంటే బయటపడే ఘట్టం ఒకటి ఉండాలన్నమాట! కథకు అంతకంటే ఏం కావాలి?

కానీ మల్కాపురం వెళ్లి చూడండి. గుంటూరు జిల్లాలో తుళ్లూరు దగ్గర ఊరది. అక్కడ ఒక పెద్ద రాతిస్తంభం మీద 1261 నాటి శాసనం ఉంది. విశ్వేశ్వర శివాచార్యులనే శైవగురువుకు మందడం గ్రామాన్నీ, దాంతోపాటు వెలగపూడినీ ఇచ్చినట్టు అందులో ఉంది. ఇచ్చింది ఎవరు? గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి! రహస్యం గుట్టుగా దాచిపెట్టవలసిన తొలిరోజుల్లోనే, ఊరందరూ చూసేలా రాతి మీద "కూతురు" అని చెక్కించుకున్నారు. ఇక రహస్యమేమిటి?

అన్నట్టు, ఆ శాసనంలో ఇంకో ముచ్చట ఉంది. దానంగా వచ్చిన ఆదాయంతో నడపవలసినవాటిలో మఠం, చదువుకునే విద్యార్థుల పోషణ, అన్నసత్రం ఉన్నాయి. వాటితోపాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా ఉన్నాయి. అంటే పురుళ్లు పోసే ఆసుపత్రి. ఏడున్నర శతాబ్దాల కిందటి మాట ఇది! ఆ వెలగపూడిలోనే 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలిసింది. ఫైళ్లు పట్టుకుని అక్కడ తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో, ఈ ఊరు ఒకప్పుడు ఒక రాణి చేసిన దానమని!

ఆ ఇంట్లో పాలన చూసుకున్న ఆడపిల్ల రుద్రమ ఒక్కతే కూడా కాదు. గణపతిదేవుడి ఇంకో కూతురు గణపాంబ కోట వంశపు బేతరాజును పెళ్లాడి, భర్త పోయాక ధరణికోట సీమను తానే చూసుకుంది. కూతుళ్లకు రాజ్యం నడపడం నేర్పిన తండ్రి ఆయన. దాచిన తండ్రి కాదు.

మరి "మహారాజు" అన్న పేరెందుకు? ఆ కుర్చీకి ఉన్న పేరు అది! కలెక్టరు కుర్చీలో ఎవరు కూర్చున్నా కలెక్టరే అన్నట్టు, ఆ గద్దె మీద ఎవరు కూర్చున్నా మహారాజే. రుద్రమ వేసింది వేషం కాదు, అందుకుంది హోదా. ఈ ఒక్క తేడా తెలియకనే నేను ఆ వాక్యం రాశాను.

శత్రువు ఇచ్చిన సాక్ష్యం

ఆమె స్త్రీ అని ఊరివాళ్లకే కాదు, శత్రువులకూ బాగా తెలుసు. దేవగిరి యాదవరాజు మహాదేవుడితో కాకతీయులకు యుద్ధం జరిగింది. యాదవుల మంత్రి హేమాద్రి మహా పండితుడు. తమ రాజు తెలుగు ప్రభువు ఏనుగుల్నీ, మంగళవాద్యాల్నీ లాక్కున్నాడనీ, ఆడది కదా అని రుద్రమను చంపకుండా వదిలేశాడనీ రాసుకున్నాడు.

ఇటువైపు మన "ప్రతాపచరిత్ర" ఏమంటుందంటే, రుద్రమే యాదవసైన్యాన్ని దేవగిరి దాకా తరిమి, కోటి బంగారు నాణేలు జరిమానాగా వసూలు చేసిందట! ఒకే యుద్ధం, రెండు విజయాలు. ఒకే వారం విడుదలైన రెండు సినిమాలకూ శతదినోత్సవం పోస్టర్లు పడటం మనం చూడలేదూ? అలాగే.

ఎవరి మాట నమ్మాలి? "ప్రతాపచరిత్ర" కాకతీయ రాజ్యం పోయిన చాలా కాలానికి రాసింది కాబట్టి దాన్ని అలాగే మింగలేం. అయితే బీదరు కోటలో దొరికిన ఒక ముక్కల శాసనంలో రుద్రమ బిరుదులు కనిపించాయి. యాదవుల గడ్డ మీద కాకతీయ రాణి బిరుదులు ఎందుకుంటాయి? ఆమె సైన్యం అక్కడిదాకా వెళ్లిందన్నమాటే. ఇప్పుడు హేమాద్రి మాట మళ్లీ చదవండి. ఓడించలేనివాడు "పోనీలే, ఆడది కదా" అన్నట్టు లేదూ? కాలేజీ ఆటలపోటీల్లో మా పిల్ల ఇలాంటి మాట విన్నదట. "వాళ్లు ఇప్పటికీ అదే డైలాగు చెబుతున్నారు బాబాయ్" అంది.

వెనీసు యాత్రికుడు మార్కో పోలో కూడా ఆమె గురించి రాశాడు. మోటుపల్లి పేరు అతని నోట "ముత్ఫిలి" అయింది. ఆ రాజ్యాన్ని వివేకం గల ఒక రాణి పాలించిందనీ, న్యాయం, శాంతి ఆమెకు ఇష్టమనీ, అంతకుముందు ఏ ప్రభువునూ ప్రేమించనంతగా జనం ఆమెను ప్రేమించారనీ అన్నాడు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత పలచని బట్టల గురించీ నోరూరేలా చెప్పాడు. చనిపోయిన రాజుకు ఆమె భార్య అని మాత్రం పొరబడ్డాడు. కూతురు గద్దెనెక్కడం అతని ఊహకు అందలేదు కాబోలు! రాణి అన్న సంగతి మాత్రం సముద్రం దాటివచ్చినవాడికి కూడా తెలిసింది.

హీరో ఎవరు?

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. గోన గన్నారెడ్డి మాటేమిటి? రానా వేసిన వీరభద్రుడి మాటేమిటి?

వీరభద్రుడు నిజంగా ఉన్నాడు. నిడదవోలు చాళుక్య రాకుమారుడు, రుద్రమ భర్త. వాళ్లకు ముమ్మడమ్మ, రుయ్యమ్మ, రుద్రమ్మ అని ముగ్గురు కూతుళ్లు. అయితే రాజ్యపాలనలో వీరభద్రుడు చెయ్యి పెట్టిన జాడలేమీ కనిపించవు. గన్నారెడ్డి కూడా కాకతీయుల కాలపు వీరుడే. కానీ మన గుండెల్లో గుర్రమెక్కి తిరిగే గన్నారెడ్డికి ఆ మెరుపులు దిద్దింది అడవి బాపిరాజుగారి నవల. పుస్తకంలోంచి తెర మీదికి వచ్చి ఆయన ఇంకా పెద్దవాడైపోయాడు. తప్పేం లేదు. కథ కథే. కథను చరిత్ర అనుకుని పేపర్లో రాయడమే తప్పు. ఆ పని నేను చేశాను.

మన సినిమాలకు రాజ్యమేలిన ఆడదంటే ఒక చిన్న ఇబ్బంది ఉంది. మంత్రాంగం నడిపే ఆడదైతే విలన్ చేసేస్తాం. పల్నాటి నాయకురాలు నాగమ్మను తల్చుకోండి. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్రకు ప్రాణం పోశారు. వాళ్లు కనుబొమ్మ ఎత్తితే హాలంతా నిశ్శబ్దం! కానీ కథలో తప్పంతా నాగమ్మ నెత్తినే. లేదా ప్రేమకథలో కూర్చోబెడతాం. 1983లో కమాల్ అమ్రోహి తీసిన "రజియా సుల్తాన్"లో హేమామాలిని ఢిల్లీ గద్దె కంటే ప్రేమ కోసం పడిన తపనే ఎక్కువ.

రజియా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక లెక్క చూద్దాం. ఆమెదీ రుద్రమదీ ఒకే శతాబ్దం. రజియా 1236లో గద్దెనెక్కింది. పరదా తీసేసి, పురుషుల దుస్తులతో ఏనుగెక్కి జనంలోకి వచ్చింది. 1240 కల్లా అమీర్లు కూలదోశారు. రాజుకుండవలసిన గుణాలన్నీ ఆమెకున్నాయనీ, మగవాడిగా పుట్టకపోవడమే లోపమనీ ఆనాటి చరిత్రకారుడే రాశాడు. ఈజిప్టులో 1250లో షజరుద్దుర్ సుల్తాను అయింది. మూడు నెలలు తిరగకుండానే గద్దె వదులుకోవలసి వచ్చింది. ఇక మన రుద్రమ? 1262 ప్రాంతంలో తండ్రి తప్పుకున్నాక పూర్తి బాధ్యత తీసుకుని 1289 దాకా... ఇరవై ఏడేళ్లు!

ఎలా నిలిచింది? ప్రేమకథ కంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇదీ.

కొత్తవాళ్లకు పట్టం

ఆడది ఏలడమేమిటని తిరగబడ్డవాళ్లు మొదట్లోనే లేచారని మన కథలు చెబుతాయి. రేచర్ల ప్రసాదిత్యుడు అండగా నిలిచి "కాకతీయ రాజ్యస్థాపనాచార్య" అన్న బిరుదు పొందాడు. తర్వాత ఆమె చేసిన పని తెలివైనది. పుట్టుక చూసి కాకుండా పనితనం చూసి మనుషుల్ని ఎంచుకుంది. పెద్ద వంశాల ప్రాపకం లేని యోధులకు కూడా నాయకుల హోదా ఇచ్చి, సైన్యం పోషించుకోవడానికి గ్రామాల ఆదాయం అప్పగించింది. మనవడు ప్రతాపరుద్రుడి కాలానికి ఆ నాయంకర పద్ధతే రాజ్యానికి వెన్నెముక అయింది.

రెండో పని, కోట. దాన్ని చూడటానికి నేనూ మా పిల్లా ఒక ఆదివారం ఖమ్మంలో రైలెక్కి వరంగల్లు వెళ్లాం. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, మధ్యలో విరిగిపడ్డ గుడి తాలూకు శిల్పాలు. కత్తీ డాలూ పట్టి సింహం మీద కూర్చున్న ఒక స్త్రీ శిల్పం ఇక్కడిదే. అది రుద్రమేనని అంటారు. శత్రురాజులనే ఏనుగుల పాలిట సింహం, "రాయగజకేసరి" అన్నది ఆమె బిరుదు. ఆ బిరుదే బొమ్మయిందన్నమాట.

తండ్రి మొదలుపెట్టిన రాతిగోడను ఆమె ఎత్తు పెంచింది. దానికి బయట ఇంకో మట్టిగోడ, చుట్టూ అగడ్త కట్టించింది. మా పిల్ల ఆ మట్టిగోడ మీదికెక్కి చుట్టూ చూసి, "రాతికోట ఉండగా మళ్లీ మట్టిదెందుకు?" అంది. ఆమె పోయిన ఇరవై ఏళ్లకు, 1310లో, మాలిక్ కాఫర్ సైన్యం వచ్చి ఈ గోడ ముందే ఆగింది. గోడకు కొట్టిన రాతిగుండ్లు పిల్లలు ఆడుకునే కాయల్లా వెనక్కి ఎగిరిపడుతున్నాయని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. మెచ్చుకున్నది మనవాడు కాదు, అవతలివాడు! ఆమె ముందుచూపు ఆమె తర్వాత కూడా కాపలా కాసింది.

ఎవరూ తీయని పతాక సన్నివేశం

పాత పెద్దలకు కొత్త నాయకులు నచ్చుతారా? కాయస్థ వంశపు అంబదేవుడు మొదట కాకతీయుల సామంతుడే. తర్వాత ఎదురుతిరిగాడు. 1290లో త్రిపురాంతకంలో తన విజయాల జాబితా వేయించుకున్నాడు. అందులో కాకతీయ ప్రభువు ఊసే లేదు. అప్పటికి రుద్రమ లేదు.

ఆమె ఎప్పుడు, ఎలా పోయింది? చాలా కాలం చరిత్ర పుస్తకాలు 1295 దాకా పాలించిందనే చెప్పాయి. ఆ లెక్క మార్చింది ఒక్క రాయి. నల్గొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో దొరికిన శాసనం అది. తేదీ 1289 నవంబరు నెలకు సరిపోతుంది. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్లకు పుణ్యం కలగాలని గుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది.

రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే అర్థమేమిటి? అంబదేవుడి మీదికి సాగిన దండయాత్రలోనే ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారు. మనవడు గద్దెనెక్కే ఈడుకొచ్చాడు. అంతఃపురంలో కూర్చుని కబుర్లు వింటే అడిగేవాళ్లు లేరు. అయినా సైన్యంతో బయల్దేరింది.

ఇంతకీ ఆ శాసనం వేయించింది ఎవరో తెలుసా? మనవడు ప్రతాపరుద్రుడు కాదు. ఏ సామంతరాజూ కాదు. పువ్వుల ముమ్మడి. మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసే ఒక మనిషి. అంతే! మహారాజుల బిరుదులు మోసిన రాణి చివరి రోజుల సంగతి మనకు చేర్చింది ఒక సేవకుడి దానపత్రం. అతను ఆ కాస్త భూమి ఇవ్వకపోయి ఉంటే, రాయి చెక్కించకపోయి ఉంటే, ఇవాళ్టికీ మనం తప్పు తేదీయే చదువుకుంటూ ఉండేవాళ్లం.

కొత్తవాళ్లను నమ్మి ఆమె రాజ్యం నడిపింది. చివరికి ఆమెను గుర్తుపెట్టుకున్నదీ అలాంటివాడే.

తిరుగు రైల్లో మా పిల్ల చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. డోర్నకల్ దాటాక అడిగింది:

"అయితే సినిమా అబద్ధమా బాబాయ్?"

"సినిమా లేకపోతే నువ్వు ఆమె పేరెత్తేదానివా? నేను ఆ కోటకు వచ్చేవాణ్ణా?" అన్నాను. "మళ్లీ విడుదలైతే మళ్లీ ఈల వేస్తాను. కాకపోతే ఇంటికొచ్చి రాసేముందు రాయి చదువుతాను."

నవ్వింది. "వచ్చే ఏడాది పోటీలో మళ్లీ రుద్రమ మీదే మాట్లాడతా. కానీ రుద్రమతో మొదలుపెట్టను."

"మరి?"

"పువ్వుల ముమ్మడితో."

అమ్మ ఫైల్లో ఆ పాత కాగితం అలాగే ఉంది. చింపెయ్యలేదు. దాని పక్కన ఈ వ్యాసం కూడా కత్తిరించి పెట్టమని చెప్పాను.